నాలుగు పోర్టులు కలిపాం, బ్యాకప్ మాత్రం అదే తొమ్మిదిన్నర గంటలు

హైదరాబాద్‌లో నేను కొన్నేళ్లు పనిచేసిన ఒక చిన్న వీడియో ఎడిటింగ్ ఆఫీసులో పన్నెండు మంది ఎడిటర్లు ఉండేవారు. అందరి ఫుటేజీ ఒకే స్టోరేజ్ సర్వర్‌లో ఉండేది. నడుస్తున్న ప్రాజెక్టులన్నీ కలిపి 4 టెరాబైట్లు. రోజూ రాత్రి పదకొండింటికి అదంతా పక్క గదిలోని బ్యాకప్ మెషీన్‌కి కాపీ కావడం మొదలై, పొద్దున ఎనిమిదిన్నరకి ముగిసేది. ఎనిమిదింటికే వచ్చేసే ఎడిటర్లకు మొదటి అరగంట నరకం. "అన్నా, టైమ్‌లైన్ కదలట్లేదు" అనే ఫోన్‌తోనే నాకు తెల్లారేది.

సర్వర్ వెనక 1 గిగాబిట్ పోర్టులు నాలుగున్నాయి. వాడుతున్నది ఒక్కటే. మిగతా మూడూ ఖాళీగా ఎందుకున్నాయని మా ఓనర్ అడిగారు. "నాలుగూ కలిపేద్దాం సార్, స్పీడు నాలుగు రెట్లవుతుంది" అన్నాను. నా మాట నమ్మి, ఎల్ఏసీపీ (పోర్టులు కలిపి ఉన్నాయని సర్వర్, స్విచ్ మాట్లాడుకునే పద్ధతి) పనిచేసే కొత్త స్విచ్ కొన్నారు. ఒక ఆదివారం కూర్చుని లినక్స్‌లో బాండ్ కట్టాను, అంటే నాలుగు పోర్టుల్నీ ఒకే పోర్టులా కనిపించేలా కలిపాను. బాండ్ స్పీడ్ 4000 ఎంబీపీఎస్ అని స్క్రీన్ మీద కనిపించింది. ఆ రాత్రి బ్యాకప్ పదకొండింటికి మొదలై, పొద్దున ఎనిమిదిన్నరకే ముగిసింది. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

ఆ ఉదయం నుంచి బాండింగ్ గురించి చదివినవీ, చేసి చూసినవీ కలిపి ఇప్పుడు గట్టిగా ఒక మాట చెప్పగలను. సర్వర్ పోర్టుల్ని కలపడాన్ని వేగం పెంచే మార్గంగా మన దగ్గర చెబుతున్న తీరు తప్పు. కొటేషన్లలో "4 పోర్టులు, మొత్తం 4 గిగాబిట్" అని రాస్తారు. ట్యుటోరియల్ వీడియోల్లో కూడా అదే లెక్క. ఆ లెక్క నమ్మి డబ్బు పెట్టేది చిన్న ఆఫీసులు, కాలేజీలు, ఆస్పత్రులు. వాళ్లకి రెండోసారి కొనే స్థోమత ఉండదు. నేను మా ఓనర్‌కి చెప్పింది కూడా అదే తప్పు లెక్క కాబట్టి, ఇది కాస్త వివరంగా రాయాలనిపించింది.

బాండ్ అన్న మాట వినగానే కాడి కట్టిన జోడెద్దులు గుర్తొస్తాయి. రెండెద్దులూ కలిసి ఒకే నాగలిని లాగుతాయి. ఇక్కడ అలా జరగదు. ఒక కనెక్షన్‌ని మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఎద్దే లాగుతుంది. రెండో ఎద్దు ఇంకో నాగలి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మా బ్యాకప్ ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో నడిచేది, అంటే ఒకే టీసీపీ కనెక్షన్. 1 గిగాబిట్ అంటే సెకనుకి 125 మెగాబైట్లు. హెడర్లకు పోయేది పోగా చేతికొచ్చేది 117 దాకా. 4 టెరాబైట్లని 117తో భాగిస్తే సరిగ్గా తొమ్మిదిన్నర గంటలు. కూడికలు, భాగహారాలు వచ్చిన ఎవరైనా ముందే చెప్పగల జవాబు అది.

మరి నాలుగు పోర్టుల్లో ఏ కనెక్షన్ ఎటు వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు? సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లకి పంతంగి టోల్‌ప్లాజా తెలిసే ఉంటుంది. ఎన్ని గేట్లు తెరిచినా మీ కారు దాటేది ఒక్క గేటే. మీ కారుకి అదనంగా కలిసొచ్చే వేగం ఏమీ లేదు, వెనకున్న వందల కార్లు పంచుకుని దాటిపోతాయి, అంతే. అయితే టోల్‌ప్లాజాలో ఏ గేటు ఖాళీగా ఉందో డ్రైవర్ చూసుకుంటాడు. బాండ్ అలా చూడదు. ప్యాకెట్ మీదున్న చిరునామాల్ని ఒక లెక్కలో వేసి, వచ్చిన శేషాన్ని బట్టి గేటు చూపిస్తుంది. దీన్నే హ్యాష్ అంటారు. ఒకే చిరునామాల జతకి ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది కాబట్టి, ఆ కనెక్షన్ ఎప్పుడూ అదే గేటు గుండా పోతుంది. పక్క గేటు ఖాళీగా ఉన్నా మారదు.

నా రెండో తప్పు ఇక్కడే జరిగింది. లినక్స్ బాండింగ్‌లో మామూలుగా ఉండే హ్యాష్ పద్ధతి లేయర్ 2. అంటే పంపేవారి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే హార్డ్‌వేర్ చిరునామా), అందుకునేవారి మ్యాక్ అడ్రస్, ప్యాకెట్ రకం, ఈ మూడింటినే చూస్తుంది. మా ఎడిటర్ల మెషీన్లు ఒక వీలాన్‌లో (స్విచ్‌లోనే విడగొట్టిన వేరే నెట్‌వర్క్), సర్వర్ ఇంకో వీలాన్‌లో ఉండేవి. మధ్యలో ఒకదాని నుంచి ఇంకోదానికి దాటించే గేట్‌వే. అంటే సర్వర్ ఎవరికి ఏం పంపినా, దాని మీద రాసుండే మ్యాక్ అడ్రస్ గేట్‌వేదే. పన్నెండు మంది పన్నెండు ఊళ్లకి వెళ్తున్నా మొదటి మజిలీ అందరికీ ఒకటే. గేటు చూపించేవాడు ఆ మొదటి మజిలీ పేరు మాత్రమే అడుగుతుంటే, అందర్నీ ఒకే గేటుకి పంపుతాడు. పోర్టుల కౌంటర్లు తెరిచి చూస్తే అదే కనిపించింది. ఒక పోర్టు నుంచి టెరాబైట్లు బయటికి వెళ్లాయి. మిగతా మూడింట్లో కొన్ని మెగాబైట్లు, అవి కూడా చాలావరకు ఎల్ఏసీపీ పలకరింపులే.

హ్యాష్‌ని లేయర్ 3+4కి మార్చాను. అప్పుడు ఐపీ అడ్రస్‌లతో పాటు పోర్ట్ నంబర్లు (కేబుల్ పెట్టే పోర్టులు కావు, ఒక్కో కనెక్షన్‌కి సాఫ్ట్‌వేర్ ఇచ్చే నంబర్లు) కూడా లెక్కలోకి వస్తాయి. ఈ పద్ధతి, పోర్టులు కలపడానికి ఉన్న 802.3ఏడీ ప్రమాణానికి పూర్తిగా కట్టుబడి ఉండదని లినక్స్ కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఒక ప్యాకెట్ ముక్కలైతే రెండో ముక్క నుంచి పోర్ట్ నంబర్ ఉండదు, కాబట్టి ముక్కలు వేరే గేటుకి వెళ్లి వరుస తప్పే అవకాశం ఉంది. మా దగ్గర ఉన్నదంతా టీసీపీ, ముక్కలయ్యే ప్యాకెట్లు దాదాపు లేవు, కాబట్టి నిశ్చింతగా వాడాను. మరుసటి రోజు ఎడిటర్లకి వెళ్లే ట్రాఫిక్ నాలుగు పోర్టుల్లోనూ కనిపించింది. వాళ్ల ముఖాల్లో తేడా కూడా కనిపించింది.

కానీ ఎడిటర్లు ఫైళ్లు సేవ్ చేసే వైపు ఏ మార్పూ లేదు. దీనికి కారణం చాలామందికి తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు. సర్వర్‌లో పెట్టిన హ్యాష్ సర్వర్ నుంచి బయటికి వెళ్లేవాటికే వర్తిస్తుంది. లోపలికి వచ్చేవి ఏ కేబుల్ మీద రావాలో నిర్ణయించేది స్విచ్. దాని హ్యాష్ దానిది. ఎల్ఏసీపీ ఇద్దరి మధ్య "మనం కలిసి ఉన్నామా" అని మాత్రమే మాట్లాడుతుంది, "ఎలా పంచుకుందాం" అని మాట్లాడదు. మా స్విచ్ మ్యాక్ అడ్రస్‌లని బట్టి పంచుతోంది. వీలాన్ల మధ్య రౌటింగ్ చేస్తున్నది కూడా ఆ స్విచ్చే, కాబట్టి సర్వర్ వైపు వచ్చే ప్రతి ఫ్రేమ్ (ప్యాకెట్‌ని మోసే కవరు లాంటిది) మీద పంపినవారి మ్యాక్ స్విచ్‌దే, అందుకునేది బాండ్ మ్యాక్. రెండూ మారవు. నాలుగు కేబుళ్లున్నా రాకపోకల్లో రాక మొత్తం ఒకే కేబుల్ మీద. స్విచ్‌లో కూడా ఐపీ అడ్రస్‌ల జతని బట్టి పంచేలా మార్చాక అది సర్దుకుంది. బాండ్ కట్టిన ప్రతి ఒక్కరినీ నేను ముందు అడిగే ప్రశ్న ఇదే: స్విచ్ వైపు హ్యాష్ ఏముందో చూశారా?

ఇంత చేసినా సమానంగా పంచుకోవడం అనేది అదృష్టం మీద ఆధారపడిందే. నలుగురు ఎడిటర్లు ఒకేసారి పెద్ద ఫైళ్లు తీశారనుకోండి. నలుగురూ నాలుగు వేర్వేరు పోర్టులకి వెళ్లే అవకాశం ఎంత? మొత్తం దారులు 4×4×4×4, అంటే 256, అందులో అందరూ విడివిడిగా పడేవి 24. అంటే నూటికి తొమ్మిది సార్లు మాత్రమే. మిగతా తొంభై ఒక్క సార్లు కనీసం ఇద్దరు ఒకే పోర్టులో పడతారు, ఏదో ఒక పోర్టు ఖాళీగా ఉంటుంది. పన్నెండు మంది ముగ్గురు ముగ్గురుగా సరిగ్గా సర్దుకునే అవకాశం నూటికి రెండు. పైగా హ్యాష్‌కి బరువు తెలియదు. ఒకరు ఈమెయిల్ చూస్తున్నారా, ఇంకొకరు 8కే ఫుటేజీ తెరిచారా అన్నది దానికి ఒకటే. వేల కనెక్షన్లు వచ్చే వెబ్ సర్వర్‌కి ఇది సమస్య కాదు, అంత మందిలో తేడాలు సర్దుకుపోతాయి. పది మంది బరువైన వాడకందార్లున్న చోట మాత్రం సర్దుకోవు. మన చిన్న ఆఫీసుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

ప్యాకెట్లని వరసగా ఒక్కో పోర్టుకి ఒక్కోటి చొప్పున పంచేస్తే సరిపోదా అని అడగొచ్చు. పంచవచ్చు. అసలు ఈ ఆలోచన లినక్స్‌లోకి వచ్చింది అలాగే. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు 486 డీఎక్స్4 ప్రాసెసర్లతో బేవుల్ఫ్ అనే క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) కట్టారు. ఆ రోజుల ఈథర్నెట్ 10 ఎంబీపీఎస్, అది ఆ ప్రాసెసర్లకి చాలలేదు. స్విచ్‌లు అప్పట్లో చాలా ఖరీదు. అందుకని బెకర్ తన ఈథర్నెట్ డ్రైవర్లని తిరగరాసి, ట్రాఫిక్‌ని ఒకటికి మించిన ఈథర్నెట్‌ల మీద చారలు చారలుగా పంచారు. ఇప్పటి బాండింగ్ డ్రైవర్‌కి మూలం ఆయన ప్యాచ్‌లే. దాదాపు అదే కాలంలో స్విచ్‌ల వైపు కల్పన అనే కంపెనీ ఇలాగే పోర్టులు కలిపే ఈథర్‌ఛానల్ తెచ్చింది, 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. తయారీదార్లందరికీ ఉమ్మడి ప్రమాణంగా 802.3ఏడీ 2000లో వచ్చింది, 2008లో అది 802.1ఏఎక్స్ అయింది.

ఆ ప్రమాణం రాసినవాళ్లు ఒక సంభాషణలోని ఫ్రేములు వరుస తప్పకూడదని పట్టుబట్టారు. కారణం ఉంది. వరసగా పంచితే ఐదో ప్యాకెట్ నాలుగోదాని కంటే ముందు చేరుతుంది. టీసీపీ అలాంటివి మూడు చూడగానే నాలుగోది పోయిందనుకుంటుంది, మళ్లీ పంపమంటుంది, వేగం తగ్గించుకుంటుంది. బ్యాలన్స్-ఆర్ఆర్ అనే ఆ మోడ్ ఇప్పటికీ లినక్స్‌లో ఉంది. రెండు మెషీన్లని నేరుగా కేబుళ్లతో కలిపిన చోట కొంత ఉపయోగపడుతుంది. మధ్యలో స్విచ్ ఉంటే నేను వాడను. నేను ప్రయత్నించినప్పుడు మొత్తం వేగం పెరగకపోగా, మళ్లీ పంపిన ప్యాకెట్ల లెక్క పెరుగుతూ పోయింది.

బ్యాకప్ సమస్య చివరికి బాండ్‌తో తీరలేదు. రెండు మెషీన్లలోనూ చెరో 10 గిగాబిట్ కార్డు పెట్టి, మధ్యలో స్విచ్ లేకుండా ఒకే కేబుల్‌తో కలిపాం. బ్యాకప్ మూడు గంటల లోపు ముగియడం మొదలైంది. ఇప్పుడు అడ్డు నెట్‌వర్క్ కాదు, డిస్కులు. రాత్రి పదకొండింటికి మొదలైతే రెండింటికల్లా అయిపోతోంది, పొద్దున ఎనిమిదింటి ఫోన్లు ఆగిపోయాయి. ఒక పెద్ద ప్రవాహం ఉన్న చోట ఒక పెద్ద గొట్టమే వేయాలి. పది 1 గిగాబిట్ పోర్టులు కలిపినా ఒక 10 గిగాబిట్ పోర్టు చేసే పని చేయవు. ప్రవాహాన్నే పలు కనెక్షన్లుగా విడగొట్టగల సాఫ్ట్‌వేర్ ఉంటే అది వేరే సంగతి. విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఎస్ఎంబీ మల్టీఛానల్ 2012 నుంచి ఉంది. లినక్స్ ఫైల్ షేరింగ్ ఎన్ఎఫ్ఎస్‌లో ఎన్‌కనెక్ట్ 2019లో 5.3 కెర్నెల్‌తో వచ్చింది. నెట్‌వర్క్ మీద డిస్కులిచ్చే ఐస్కజీ వాడేవాళ్లకి మల్టీపాత్ ఉంది. వీటిల్లో దేన్నీ చూడకుండా, మొదటి జవాబుగా బాండ్ కట్టమనడం నాకు నచ్చదు.

అయితే బాండ్ దండగ అని నేను అనడం లేదు. దాని విలువ నాకు అర్థమైంది ఒక కేబుల్ ఊడిపోయినప్పుడు, అది కూడా ఆలస్యంగా.

ఒక మధ్యాహ్నం ఫ్లోర్ ఊడుస్తుంటే రాక్ వెనక ఒక కేబుల్ లాగేశారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ పోర్టు మీదున్న కనెక్షన్లు సెకను లోపే మిగతా మూడింటికి మారాయి, ఎడిటర్లు పని ఆపలేదు. ఒక్క కేబుల్ ఉన్న రోజుల్లో అయితే ఆ మధ్యాహ్నం పన్నెండు మందీ సేవ్ చేయని పని పోగొట్టుకునేవాళ్లు. నేను సంతోషించాల్సిన సంగతే. కానీ ఆ కేబుల్ ఊడిందని నాకు తెలిసింది పందొమ్మిది రోజుల తర్వాత, వేరే పని మీద రాక్ వెనక్కి వెళ్లినప్పుడు. మరో మూడు ఉన్నాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మౌనంగా తట్టుకునే ఏర్పాటు కట్టినప్పుడు, దాన్ని మౌనంగా ఉండనివ్వని అలర్ట్ కూడా అదే రోజు కట్టాలి. లింక్ డౌన్ అయితే నాకు మెసేజ్ వచ్చేలా ఆ సాయంత్రమే స్క్రిప్ట్ పెట్టాను.

ఊడిన కేబుల్ కంటే ప్రమాదం, సగం పాడైన కేబుల్. ఇది నాకు మూడు రోజుల నిద్ర లేకుండా చేసింది. పన్నెండు మందిలో ముగ్గురికి మాత్రమే ఫైళ్లు సేవ్ కావడానికి నిమిషాలు పట్టేది. పక్క కుర్చీలో ఉన్నవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఆ ముగ్గురి మెషీన్లు మార్చాను, గోడ సాకెట్లు మార్చాను, యాంటీవైరస్ తీసేశాను. వాళ్లలో ఒకమ్మాయి "నా ఒక్కదానికే ఎందుకు సార్ ఇలా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆమె డెడ్‌లైన్ మర్నాడు. చివరికి సర్వర్‌లో పోర్టు పోర్టుకీ విడివిడిగా లెక్కలు తీస్తే, మూడో పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ఫ్రేములు) లక్షల్లో ఉన్నాయి. కేబుల్ లోపల ఏదో తీగ సరిగ్గా తగలడం లేదు. లింక్ మాత్రం ఉన్నట్టే చూపిస్తోంది, లైటు వెలుగుతూనే ఉంది. బాండ్ చూసేది ఆ లైటునే. ఎంఐఐమాన్ అనే సెట్టింగ్‌లో 100 అని పెడితే ప్రతి 100 మిల్లీసెకన్లకీ లింక్ ఉందా లేదా అని అడుగుతుంది, లింక్ బాగుందా అని అడగదు. స్విచ్ హ్యాష్ ఆ ముగ్గుర్ని మూడో పోర్టుకి కేటాయించింది, అంతే. ఒక్క కేబుల్ ఉండి ఉంటే అందరికీ ఒకేలా పాడయ్యేది, పది నిమిషాల్లో దొరికేది. బాండ్ ఆ లోపాన్ని ముగ్గురి మీదికి నెట్టి, మా కళ్ల నుంచి దాచేసింది. కొందరికి బాగుండి కొందరికి లేదంటే, ఎన్నాళ్లయినా ఒకే మనుషులకి లేదంటే, ముందు బాండ్‌లోని ఒక్కో పోర్టు ఎర్రర్ లెక్క చూడండి. మిగతావన్నీ తర్వాత.

లింక్ ఉన్నట్టే చూపిస్తున్నా అవతల మాట్లాడేవాళ్లు లేని సందర్భాలు పట్టుకోవడానికి ఎల్ఏసీపీ కొంత సాయపడుతుంది. స్లో రేటులో 30 సెకన్లకోసారి పలకరింపు, మూడు తప్పితే, అంటే 90 సెకన్లకి ఆ పోర్టుని పక్కన పెడుతుంది. ఫాస్ట్ రేటులో సెకనుకోసారి, మూడు సెకన్లకి పక్కన పెడుతుంది. నేను ఫాస్టే పెడతాను. స్విచ్‌లో ఎల్ఏసీపీ అసలు పెట్టకుండా సర్వర్‌లో మాత్రం కట్టేసిన బాండ్లు కూడా చూశాను. బాండ్ స్టేటస్ ఫైల్‌లో పార్ట్‌నర్ మ్యాక్ అన్నీ సున్నాలుంటే అదే సంగతి. నాలుగు పోర్టులున్నట్టే ఉంటుంది, పని చేసేది ఒక్కటే.

ఇక లోడ్ కోసమా, భద్రత కోసమా అన్న ప్రశ్న. రెండూ ఒకే బాండ్‌తో కావాలని అందరూ అడుగుతారు. రెండు పోర్టుల బాండ్‌లో ఒక్కోటి 70 శాతం నిండి నడుస్తోందనుకోండి. ఒకటి పోయిన క్షణంలో మిగిలినదాని మీద 140 శాతం పడుతుంది. ఆ రోజు సర్వర్ ఆగిపోలేదని చెప్పుకోవచ్చు గానీ, వాడేవాళ్లకి ఆగిపోయినట్టే ఉంటుంది. భద్రత కోసం అయితే ఒక పోర్టు లేదనుకుని లెక్క వేయాలి. నాలుగు పోర్టులుంటే మూడింటికి సరిపడా లోడ్, రెండుంటే ఒకదానికి సరిపడా. కాదు, నాలుగూ నిండా వాడుకుంటామంటే అది వాళ్లిష్టం, కానీ అప్పుడు దాన్ని భద్రత అని కొటేషన్‌లో రాయకూడదు. అలాగే నాలుగు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి వెళ్తే, ఆ స్విచ్ పవర్ సప్లై పోయిన రోజు నాలుగూ కలిసే పోతాయి. నాలుగు పోర్టులూ ఒకే కార్డు మీద ఉంటే ఆ కార్డు సంగతీ అంతే. రెండు స్విచ్‌ల మధ్య ఎల్ఏసీపీ కావాలంటే ఆ స్విచ్‌లు రెండూ ఒకటిగా కనిపించేలా ఎంలాగ్ గానీ, స్టాకింగ్ గానీ ఉండాలి. చిన్న ఆఫీసుకి అంత బడ్జెట్ లేకపోతే యాక్టివ్-బ్యాకప్ మోడ్ చాలు. ఒక కేబుల్ ఒక స్విచ్‌కి, ఇంకోటి ఇంకో స్విచ్‌కి. ఒక్కటే పనిచేస్తుంది, అది పోతే రెండోది అందుకుంటుంది. స్విచ్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు. వేగం పెంచుతానని అది ఎవరికీ మాట ఇవ్వదు కూడా. నన్ను సలహా అడిగిన చిన్న ఆఫీసుల్లో ఎక్కువ మందికి నేను చెప్పేది ఇదే.

ఆ ఎడిటింగ్ ఆఫీసు వదిలి చాలా కాలమైంది, కానీ వాళ్లతో ఒక ఒప్పందం ఇంకా నడుస్తోంది. మూడు నెలలకోసారి, శనివారం సాయంత్రం ఎడిటర్లు వెళ్లిపోయాక, అక్కడి కుర్రాడు నాకు ఫోన్ చేస్తాడు. ఒక ఎడిటింగ్ మెషీన్‌లో పెద్ద ఫైల్ కాపీ పెట్టి, సర్వర్ వెనక్కి వెళ్లి, ఒక్కో కేబుల్ పీకుతాడు. కాపీ ఆగిందా, ఎంతసేపు ఆగింది, అలర్ట్ వచ్చిందా, తిరిగి పెట్టాక నాలుగు పోర్టులూ ఒకే అగ్రిగేటర్ నంబర్‌లోకి, అంటే ఒకే జట్టులోకి, వచ్చాయా, ఎర్రర్ల లెక్క ఏమైనా పెరిగిందా అని చూసి, తేదీతో ఒక పుస్తకంలో రాస్తాడు. పోయిన సారి రెండో కేబుల్ తిరిగి పెట్టాక 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయింది. క్లిప్పు విరిగి ఉంది. డ్రాయర్‌లోంచి కొత్త కేబుల్ తీసి మార్చాడు.